కడగని గొట్టాలు

మంథనిలో గోవర్ధన శాస్త్రి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సొంత బాధను శాస్త్ర ప్రశ్నగా మార్చి అడిగితే ఆయన వెంటనే బదులిచ్చేవారు కారు. అడిగిన మనిషి ముఖంలోకి కాసేపు చూసి, తనకు తెలిసిన ఎవరి సంగతో చెప్పేవారు.

ఒక వేసవి ఉదయం పాఠం ముగిశాక అందరూ వెళ్లినా, హెడ్మాస్టరు లక్ష్మీకాంతం కదలకుండా కూర్చున్నాడు. పదేళ్లుగా ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకుంటున్న శిష్యుడు. "గురువుగారూ, క్షమ అనేది నిలిచే గుణం కాదా?" అని అడిగాడు. అసలు సంగతి మెల్లగా బయటపడింది. ఏడేళ్లుగా మాటల్లేని అన్నగారితో ఉగాదినాడు రాజీ అయ్యాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు. నెల తిరక్కుండానే మళ్లీ అవే మాటలు, అవే కేకలు. "నేను నటించలేదు. కొత్త మనసుతోనే వెళ్లాను" అన్నాడు లక్ష్మీకాంతం.

శాస్త్రి గారు గోదావరిఖని ఓదెలు సంగతి చెప్పారు.

ఓదెలు బొగ్గు గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. అతని భార్య రాజవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కరీంనగర్ ఆసుపత్రిలో డయాలసిస్. దారి అరవై కిలోమీటర్ల పైమాటే. తిరుగు ప్రయాణంలో ఆమె ఒంట్లో సత్తువ ఉండదు, చల్లగాలి తగిలితేనే ప్రాణం కుదుటపడేది. అలాంటిది మే నెల మొదట్లో ఒకరోజు వాళ్ల పాతకారు ఏసీ కీచుమని అరిచి ఆగిపోయింది. గ్యాసును తిప్పే కంప్రెసర్ బిగుసుకుని పట్టేసింది.

ఇంటి ముందే తను మారుస్తానన్నాడు ఓదెలు. ఏసీ పని చేసే ఖాజా వచ్చి, మిగిలిన గ్యాసును యంత్రంతో తీసేసి, పాత కంప్రెసర్‌ను చేతిలో తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఓదెలన్నా, ఇది లోపల అరిగి పొడైంది. ఆ ఇనుప రజను గొట్టాలన్నింట్ల పాకి ఉంటది. అన్నీ విప్పి కడగాలె. రెండు రోజులు బండి ఆపు."

"రేపే మా ఇంటామెను దవాఖానకు తీస్కపోవాలె తమ్మీ. ముప్పై ఏండ్లు మిషన్లు విప్పినోన్ని, నాకు తెల్వదా? కొత్తది పెడుతున్న గద!"

ఆ సాయంత్రానికే కొత్తది బిగించాడు. ఖాజా అయిష్టంగానే గ్యాసు నింపాడు. మర్నాడు చల్లగాలి ధారగా వచ్చింది. తిరిగివచ్చే దారిలో రాజవ్వ హాయిగా నిద్రపోయింది. అద్దంలో ఆమె ముఖం చూస్తూ ఓదెలు బండి నిదానంగా నడిపాడు.

మూడో వారం, ఆసుపత్రి నుంచి తిరిగివస్తూ సుల్తానాబాద్ దాటాక, అదే కీచు. కొత్త కంప్రెసర్ కూడా పట్టేసింది. మిట్టమధ్యాహ్నం. అద్దాలు దించితే వడగాలి నిప్పులా కొట్టింది. రాజవ్వ మాటలు తడబడి, సీటు మీదనే ఒరిగిపోయింది. దారిన పోయేవాళ్లు బండి ఆపి, ఆమె ముఖం తుడిచి, అంబులెన్సుకు ఫోన్ చేశారు. పెద్దపల్లిలో డాక్టర్లు ఆమె ప్రాణం నిలబెట్టారు. ఆ రెండు గంటలూ ఓదెలు వరండాలో నిలబడే ఉన్నాడు. ఎవరో కుర్చీ వేసినా కూర్చోలేదు.

ఇంటికి వచ్చాక ఖాజాను ఎదురుగా పెట్టుకుని అతను గొట్టం విప్పాడు. నల్లటి నూనె కారింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని ఎండకు పట్టి చూస్తే, అందులో సన్నటి ఇనుప రజను తళుక్కుమంది. మంచం మీద నుంచి రాజవ్వ చూస్తూనే ఉంది.

"నా నెత్తురు వారానికి మూడుసార్లు కడుగుతున్రు. దీన్ని ఒక్కసారన్న కడగకపోతివా?" అంది. కోపంతో కాదు, అలసటతో.

ఓదెలు ఆమెను ఆసుపత్రికి పంపడానికి పక్కింటివాళ్ల బండి అడిగి, తన కారును రెండు రోజులు విప్పి పెట్టాడు. పట్టేసిన కంప్రెసర్‌ను, కడగడానికి లొంగని భాగాలను మార్చాడు. గొట్టాల్లోకి కడిగే మందు పోసి, గాలితో ఊది, చివర తెల్లగుడ్డ పట్టుకున్నాడు. గుడ్డ నల్లబడేది. అది తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పోశాడు. అంతా అయ్యాక ఖాజా పంపు పెట్టి లోపలి గాలినంతా లాగేసి, మీటరు ముల్లు కదలకుండా నిలిచిందని తేల్చుకున్నాకే గ్యాసు నింపాడు. ఆ ఎండాకాలమంతా రాజవ్వ చల్లగానే వెళ్లి వచ్చింది.

శాస్త్రి గారు అక్కడితో ఆపారు. లక్ష్మీకాంతం అడిగాడు.

"ఎన్నిసార్లు కడిగాడు గురువుగారూ?"

"లెక్క అతనికీ తెలియదు. అతని చూపంతా గుడ్డ మీదే ఉంది."