మాట తప్పని ముంగిస

ఇప్పలకోన అడవిలో దుప్పులు, దున్నలు, నక్కలు, ముంగిసలు, ముళ్ళపందులు, అడవి పందులు ఉండేవి. అందరికీ కలిపి ఒకటే మడుగు. అడవి మంచిచెడ్డలు చూడటానికి ఒక పెద్ద బండ మీద సభ కూడేది. సభలో ఎనిమిది మంది. నలుగురు గట్టువాళ్ళు, నలుగురు బురదవాళ్ళు. పేర్లు విని నవ్వకండి, పెట్టుకున్నది వాళ్ళే.

గట్టువాళ్ళ పెద్ద దుప్పి. వాళ్ళ చీఫ్ విప్ సూరమ్మ అనే ముంగిస. పురపాలక సంఘంలో పక్షానికొకరు ఉంటారే, అలాగన్నమాట. సభ రోజున తమవాళ్ళందరూ వచ్చారా, ఒకే మాట మీద ఉన్నారా అని చూడటం ఆమె పని. అలాగని సూరమ్మ ఎవరినీ గద్దించేది కాదు. రెండు రోజుల ముందే గడప గడపకూ తిరిగి, నీ ఇబ్బందేమిటని అడిగేది. విన్నది విన్నట్టు దుప్పికి చెప్పేది, దుప్పికి నచ్చనిదైనా సరే. ఎంత ఓపికో ఆ చిన్న ప్రాణికి!

ఆ వేసవి మడుగు సగానికి ఎండింది. దున్నలు, పందులు అందులో పడి పొర్లడంతో నీళ్ళన్నీ బురదైపోయాయి. ఆ బురద తాగి పిల్లలు జబ్బు పడుతున్నాయి. వానలు పడేదాకా మడుగులో ఎవరూ పొర్లకూడదని దుప్పి తీర్మానం పెట్టింది. సభకు వచ్చినవాళ్ళలో సగం కంటే ఎక్కువమంది కాలెత్తితేనే అది నెగ్గుతుంది. లేకపోతే పిల్లలకు ఆ బురదే గతి.

సూరమ్మ బురదవాళ్ళ పెద్ద అయిన దున్న దగ్గరికీ వెళ్ళింది. వానలు పడ్డాక మడుగు మళ్ళీ మాకిస్తారని ఏమిటి నమ్మకం అని దున్న అడిగింది. ఇస్తామని తీర్మానంలోనే పెట్టిస్తానంది సూరమ్మ. పెట్టించింది కూడా. దున్న మాత్రం తల అడ్డంగా ఊపింది. మాటలకేం, ఎన్నైనా చెప్తారంది.

సభకు ముందురోజు బురదవాళ్ళలోని అడవి పంది సూరమ్మను వెతుక్కుంటూ వచ్చింది. దాని కూనకు ఒళ్ళు కాలిపోతోంది. కూనను వదిలి సభకు రావడం కుదరదు. రాకపోతే తనవాళ్ళు ఓడిపోతారు. చెబుతూ కన్నీళ్ళు పెట్టుకుంది.

గట్టువాళ్ళలో ముళ్ళపంది తాతకు కాలు బెణికి ఉంది. సూరమ్మ ఆలోచించింది.

"నువ్వు కూన దగ్గరే ఉండు. మా తాత కూడా సభకు రాడు. అటొకరు, ఇటొకరు తగ్గితే ఎవరికీ నష్టం లేదు," అంది.

ఈ సంగతి దుప్పికీ, దున్నకీ కూడా చెప్పింది.

సభ కూడింది. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. గట్టువాళ్ళలోని నక్కకు ఎప్పట్నుంచో సూరమ్మ పదవి మీద కన్ను. అది దుప్పి చెవిలో చేరి, తాత ఇల్లు బండ కిందే కదా, తీసుకొచ్చేస్తే మనం నలుగురం అవుతాం, నెగ్గేస్తాం అని నూరిపోసింది. దుప్పి ఊగిసలాడింది. దాని పిల్లా జబ్బుతోనే ఉంది మరి. ఆ తటపటాయింపు చాలు నక్కకు. పరుగున వెళ్ళి తాతను వీపున మోసుకొచ్చింది. ముళ్ళ సంగతి ఆ తొందరలో దానికి తట్టలేదు.

సూరమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"తాతా, మీరు ఇంటికి వెళ్ళండి. పంది నా మాట నమ్మి ఇంట్లో ఉంది."

"పిల్లలకంటే నీ మాట ఎక్కువా?" అంది నక్క.

 సూరమ్మ పిల్లలూ ఆ నీళ్ళే తాగుతున్నాయి. అయినా ఆమె దారి వదల్లేదు.

"ఇవాళ మాట తప్పి గెలిస్తే, రేపు మన తీర్మానాన్ని ఎవరు లెక్కచేస్తారు?" అంది.

తాత కుంటుకుంటూ వెనక్కి తిరిగాడు. దుప్పి సిగ్గుపడి, కాళ్ళెత్తమంది. గట్టువాళ్ళవి మూడు కాళ్ళు లేచాయి. కాసేపటికి నాలుగోది లేచింది. అది దున్నది.

"మా పందికిచ్చిన మాట నిలబెట్టింది. మడుగు మాట కూడా నిలబెడుతుంది," అంది దున్న.

నాలుగు రోజుల్లో నీళ్ళు తేటపడ్డాయి. పంది కూనతో సహా పిల్లలన్నీ కోలుకున్నాయి. నక్క వీపులో మాత్రం ముళ్ళు అలాగే ఉండిపోయాయి. పీకిపెట్టమని ఎవరింటికి వెళ్ళినా తలుపు తియ్యలేదు. చివరికి పీకిపెట్టింది సూరమ్మే.

తొలివానలకు మడుగు నిండిన పొద్దున, సూరమ్మ తడుస్తూనే దున్న ఇంటికి వెళ్ళింది.

"మామా, ఇవాళ్టి నుంచి మీరు మడుగులో దిగొచ్చు," అంది.

నీతి: ఎదుటి పక్షానికి ఇచ్చిన మాటనైనా నిలబెట్టుకునేవారి వెంటే పదిమందీ నడుస్తారు.