నీలాలు నెత్తురు, సింహాద్రి జ్వరం

నాగావళి ఒడ్డున ఒక గేదెల పాక. ఆ పాకలో పెద్దది నీలాలు. వాటిని మేపేవాడు సింహాద్రి. వెనక తుప్పల్లో ఒక నక్క కాపురం. గేదెల వీపుల మీద ఊరేగుతూ ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చే తెల్లకొంగ ఒకటి.

ఆ ఏడు పాకకి ఏదో పట్టింది. చూడి గేదెలు ఒకదాని వెనక ఒకటి నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. చచ్చిన దూడనీ, మాయనీ సింహాద్రి ఉత్తచేతులతో లాగి, తాతల నాటి అలవాటు కొద్దీ తుప్పల్లోకి విసిరేవాడు. తెల్లారేసరికి అక్కడేమీ మిగిలేది కాదు. నక్క నున్నగా బలిసింది. సింహాద్రి చిక్కి సగమయ్యాడు. జ్వరం వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. కీళ్ళు పట్టేసి పాలు పితకడానికి కూర్చుంటే లేవలేకపోయేవాడు. ఆసుపత్రివాళ్ళు ఏవేవో మాత్రలిచ్చారు గాని జ్వరం ఏమిటో ఎవరికీ తేలలేదు.

ఇక చూడితో మిగిలింది నీలాలు ఒక్కతే. కడుపులో దూడ కదిలినప్పుడల్లా దానికి సంతోషం కన్నా ముందు గుబులు పుట్టేది.

అప్పుడొచ్చింది సువర్చలమ్మ. పశువుల కాలేజీలో ప్రొఫెసరు. వస్తూనే గేదెల్ని చూసింది, పక్కనే సింహాద్రి చెయ్యి పట్టుకుని నాడి కూడా చూసింది. అందరి నెత్తురూ కావాలంది. ఈసుకుపోయినవాటిని ఇక మీదట తుప్పల్లో పారెయ్యొద్దని, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చమని చెప్పింది.

ఆ మాట నక్క చెవిన పడింది. దాని కడుపు మీదే కొట్టినట్టయింది. ఒక్కో గేదె దగ్గరికీ వెళ్ళి చెవిలో ఏదో ఊదింది. సువర్చలమ్మ సూది పట్టుకుని రాగానే వంకరకొమ్ముల గేదె ఒక్క తన్ను తన్నింది. సీసాలన్నీ పేడలో దొర్లాయి. ఆవిడ కోప్పడలేదు. కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుని, రేపు వస్తానని వెళ్ళిపోయింది.

నక్క నీలాలు దగ్గరికి చేరింది. "అప్పా, ఆవిడ మన డాక్టరు కాదు. మనుషుల మనిషి. నీ నెత్తురు తీసుకెళ్ళేది నీ కోసం అనుకుంటున్నావా? ఆ సింహాద్రి కోసం."

నీలాలు నెమరు ఆపింది. "సింహాద్రి కోసమా?"

"నా మాట అబద్ధమైతే కొంగనడుగు."

కొంగని అడిగితే అవునంది. ఆవిడ పొద్దున పశువుల కాలేజీలో పాఠం చెబుతుందట, మధ్యాహ్నం రోడ్డు దాటి మనుషుల డాక్టర్ల కాలేజీలో చెబుతుందట. ఇక్కడివాళ్ళు మనుషుల పిచ్చి అన్నారట, అక్కడివాళ్ళు గొడ్ల డాక్టరని నవ్వారట. జుట్టు నెరిసిపోయినా ఆ రోడ్డు దాటడం మాత్రం మానలేదట.

"విన్నావుగా," అంది నక్క. "రేపు గట్టిగా తన్ను."

నీలాలు చాలాసేపు సింహాద్రి కేసి చూసింది. గోనెపట్టా కప్పుకుని వణుకుతున్నాడు. తను దూడగా ఉన్నప్పుడు తల్లి చస్తే సీసాతో పాలు పట్టింది వాడే.

మర్నాడు సువర్చలమ్మ రాగానే నీలాలు అందరికన్నా ముందు వెళ్ళి మెడ చాచి నిలబడింది. పెద్దది కదలకుండా నిలబడితే మిగతావి ఏం చేస్తాయి? వంకరకొమ్ములది కూడా తల వంచింది.

సాయంత్రం కొంగ రొప్పుతూ వచ్చి వాలింది. కాలేజీ కిటికీలోంచి అంతా చూసిందట. గాజుపలక మీద చుక్క చుక్కగా పెట్టి, గులాబీరంగు మందు కలిపిందట.

"వంకరకొమ్ములదాని చుక్క రవ్వలా విరిగింది పిన్నీ. పక్కనే సింహాద్రి చుక్క. అదీ అలాగే విరిగింది. ఏది గేదెదో ఏది మనిషిదో నాకు తెలియలేదు. ఒకటే జబ్బు."

"మరి నాది?"

"నీది విరగలేదు. నువ్వు శుభ్రం."

నాలుగు కాళ్ళదానిలో, రెండు కాళ్ళవాడిలో ఒకే పురుగు కాపురం పెట్టడమేమిటి, దాన్ని ఒక గాజుముక్క మీద ఒక్క మనిషి పట్టుకోవడమేమిటని నీలాలు అలా చూస్తూ ఉండిపోయింది.

సువర్చలమ్మ చెప్పాక ఆసుపత్రివాళ్ళు సరైన మందు వేశారు. సింహాద్రి లేచాడు. ఆ పురుగు పాలల్లోనూ ఉంటుందని విని పచ్చిపాలు తాగడం మానాడు. జబ్బు గేదెల్ని వేరే కట్టి, మిగతావాటికి కొత్త పాక వేశారు. నెలలు నిండాక నీలాలు కొత్త పాకలో ఈనింది. తడితడిగా వణుకుతూ దూడ లేచి నిలబడింది. సింహాద్రి చేతులకి తొడుగులు వేసుకుని మాయని గోతిలో పూడ్చాడు.

ఆశ చావక తవ్వబోయిన నక్కకి సున్నం తగిలి మూతి మండిపోయింది. "ఎవరి మాట విని ఇంత పని చేశావప్పా?" అంది ఏడుస్తూ.

"నీ మాటే విన్నాను తమ్ముడూ," అంది నీలాలు, దూడని నాకుతూ. "సింహాద్రి కోసమని నువ్వు చెప్పకపోతే నేనూ తన్నేదాన్నే."

ఒక పాకలో కలిసి బతికేవాళ్ళని నీ మేలు వేరు, వాళ్ళ మేలు వేరు అని విడదీయాలని చూసేవాడు చివరికి తానే వేరైపోతాడు.