చేపను పైకెత్తినప్పుడు

మా తాతతో నాకున్న పేచీ ఒక్కటే. ఎవరెంత తప్పు చేసినా పల్లెత్తు మాట అనడు.

తాత అంటే సొంత తాత కాదు. పేరు సుక్కిరెడ్డి. కొండల్లో ఏరు రాళ్ల మీద ఉరికే చోట రబ్బరు పడవ ఎలా దించాలో, గాలం ఎక్కడ వెయ్యాలో నాకు నేర్పినవాడు. మా పడవెక్కి వచ్చేవాళ్లు చేపను పట్టుకోవచ్చు గానీ చంపకూడదు. ఒక ఫొటో తీసుకుని వదిలెయ్యాలి.

దానికీ తాత ఒక పద్ధతి పెట్టాడు. చేపను నీళ్లలోంచి ఎత్తే మనిషి ముందు తన ఊపిరి బిగబట్టాలి. తనకి గాలి కావాల్సి వచ్చిందంటే చేపకి నీళ్లు కావాల్సినట్టే. వెంటనే దించెయ్యాలి.

ఆ రోజు వంశీధర్ గారని పట్నం నుంచి వచ్చినాయన గాలానికి పెద్ద కొండచేప పడింది. కడుపునిండా గుడ్లున్న ఆడచేప. నేను పడవ కట్టేసి వచ్చేసరికి ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని ఒడ్డున నవ్వుతూ నిలబడ్డాడు. బామ్మర్ది ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు.

"బావా, కళ్లజోడు తీసెయ్. ఇంకొంచెం పైకెత్తు. ఇంకోటి, ఇంకోటి!"

చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అంగలో వెళ్లి చేపను లాక్కున్నాను.

"సిగ్గుందా అండీ మీకు? పొద్దున పడవెక్కేముందు చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఫొటోలో పొట్ట కనబడకుండా ఊపిరి బిగబట్టడం వచ్చు గానీ, చేప కోసం రాదా?"

"ఏయ్, మర్యాదగా మాట్లాడు! మీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను."

"చెయ్యండి! ముందు సిగ్నల్ ఎక్కడుందో వెతుక్కోండి!"

"పోనీలే బాబూ," అని బామ్మర్ది అడ్డొచ్చాడు. వాణ్ణీ వదల్లేదు. కొండల్లోకి వచ్చి కళ్లతో చూడటం మానేసి ఫోన్లతో చూసేవాళ్లందరినీ కలిపి దులిపేశాను. ఇంకా చాలా ఉంది నా దగ్గర. ఇంతలో ఎవరో నా చేతుల్లోంచి చేపను తీసుకున్నారు.

తాత. మొలలోతు నీళ్లలోకి దిగి, చేప తలను పారే నీటికి ఎదురుగా పెట్టి పట్టుకున్నాడు. అది పక్కకి ఒరిగిపోయింది. మొప్పలు కదలటం లేదు.

"ఆయన్ని ఒక్క మాటైనా అనవేం తాతా?" అని ఒడ్డు మీంచి అరిచాను. తాత తిరిగి చూడలేదు.

వంశీధర్ గారి ముఖం పాలిపోయింది. "బతుకుతుందా?" అన్నాడు. ఆయన బూట్లు విప్పి నీళ్లలోకి దిగాడు. తాత ఆయన చెయ్యి పట్టుకుని చేప పొట్ట కింద పెట్టించాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చంపబోయిన చేతికే చేపను అప్పగిస్తాడా? ఇదెక్కడి న్యాయం?

ఎండ ఎదుటి కొండ మీదికి పోయేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎట్టకేలకు మొప్ప ఒకసారి కదిలింది. తర్వాత తోక. చేప వాళ్ల చేతుల్లోనే కాసేపు ఆగి, నెమ్మదిగా లోతుకి వెళ్లిపోయింది.

తాత ఒడ్డెక్కగానే పట్టుకున్నాను.

"అదృష్టం బాగుండి బతికింది. లేకపోతే గుడ్లతో సహా పోయేది. ఆయన్ని రేపే వెనక్కి పంపెయ్. ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

తాత తువ్వాలు పిండుకుంటున్నాడు.

"చేపను పట్టుకుని ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నాడు?"

"ఏడుసార్లు! పడవ దగ్గర్నుంచి వస్తూ నేను లెక్కపెట్టాను."

"నువ్వో?" అన్నాడు తాత.

కిందికి చూసుకున్నాను. నా చొక్కా ముందంతా చేప జిగురు ఎండిపోయి ఉంది.