మంచు కిందికి చేరిన పాఠం

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. యూరప్‌లో ఉత్తరాన తెల్లకొమ్మ అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్లు, వడ్రంగి పిట్టలు ఉండేవి. మంచు కమ్మితే కుందేలు పిల్లలు బొరియలు దాటి బడికి రాలేకపోయేవి. సరిగ్గా అప్పుడే గడ్డకట్టిన ఏటి మీదుగా తోడేళ్లు వచ్చేవి.

తోడేళ్ల నుంచి తప్పించుకునే పాఠం అడవి సభకు తెలుసు. ఆ సభకు పెద్ద ఒక దుప్పి. పాఠాన్ని దూరం పంపే విద్య వడ్రంగి పిట్టలది. అవి మానుల మీద ముక్కుతో కొడితే ఆ చప్పుడు వేళ్ల గుండా బొరియల్లోకి దిగేది. ఏ దెబ్బకు ఏ మాటో పిల్లలన్నిటికీ తెలుసు.

ఆ ఏడు మంచు ముందే మొదలైంది. మల్లి అనే కుందేలుకు భయం పట్టుకుంది. అది తోడేళ్లు లేని కొండల నుంచి వచ్చింది. ఆ పాఠం దానికీ రాదు, దాని మూడు పిల్లలకూ రాదు.

"దుప్పి మామా, పాఠం పిట్టలకు చెప్పండి. అవి పంపుతాయి" అని బతిమాలింది.

"సభ పాఠం పిట్టల ముక్కున పడాలా? నేనే బొరియ బొరియకూ వెళ్లి చెబుతాను" అంది దుప్పి.

పిట్టల పెద్ద కొమ్మ మీంచి నవ్వింది. "వెళ్లండి మామా, వేసవికల్లా చేరతారు. మా పాఠం మేమే తయారు చేసుకుంటాం."

"మామా, మీ దగ్గర పాఠం ఉంది. పిట్టన్నా, నీ దగ్గర దారి ఉంది. నా పిల్లల దగ్గర రెండూ లేవు" అంది మల్లి. ఎవరూ వినలేదు.

దుప్పి మూడో బొరియ దగ్గరే పొట్టలోతు మంచులో కూరుకుపోయింది. పిట్టలేమో తమకు తెలిసిందే కొట్టాయి: "తోడేలు వస్తే పారిపోండి." రెక్కలున్నవాటికి అది మంచి పాఠమే. తల్లి మేతకు వెళ్లిన పక్క బొరియలో రెండు కుందేలు పిల్లలు ఉన్నాయి. తోడేలు అరుపు వినగానే అవి మంచులోకి పరుగెత్తాయి. తిరిగి రాలేదు.

మల్లి పిల్లలూ లేచాయి. మల్లికి ఏం చేయాలో తెలియలేదు. బొరియ మూతికి అడ్డంగా పడుకుంది, అంతే.

తోడేళ్లు ఏరు దాటి వెనక్కి వెళ్లగానే అది పిట్టల చెట్టు కిందికి వెళ్లింది. "పక్క బొరియ పిల్లలు రెండూ నీ పాఠమే విన్నాయన్నా" అంది.

పిట్టల పెద్ద ఎగిరి వెళ్లి, మంచులో కూరుకున్న దుప్పి కొమ్ము మీద వాలింది. "చెప్పండి మామా. ఒక్క మాటా మార్చను."

దుప్పి వణుకుతూ చెప్పింది. పిట్ట దాన్ని మాను మీద కొట్టింది. "కదలకండి. ఊపిరి మెల్లగా తీయండి. పైన చప్పుడు ఆగినా లేవకండి."

తోటి దుప్పులు వచ్చి దుప్పిని బయటికి లాగాయి. ఆ తర్వాత అది ఎప్పుడూ కుంటుతూనే నడిచింది.

సాయంత్రం తోడేళ్లు మళ్లీ వచ్చాయి. అడుగులు సరిగ్గా మల్లి బొరియ మీదే ఆగాయి. మంచు పొడి దాని వీపు మీద రాలింది. పిల్లల్లో చిన్నది కళ్లు మూసుకుంది. మూడింటిలో ఒక్కటీ కదలలేదు.

చాలాసేపటికి అడుగులు దూరమయ్యాయి.

నీతి: పాఠం తెలిసినవారు, దాన్ని దూరం చేర్చగలవారు చేయి కలపకపోతే ఆ తప్పుకు పిల్లలు బలవుతారు. మీకంటే చిన్నవాళ్లకు ఈ కథ ఈరోజే చెప్పండి.