జమ్ము మడుగులో నక్క పాలు

అడవి అయిపోయి చేలు మొదలయ్యే చోట ఒక జమ్ము మడుగు ఉండేది. అది అడవిదీ కాదు, ఊరిదీ కాదు కనుక తొక్కడానికి అందరిదీ. గేదెలు పడి దొర్లేవి, పంది గట్టంతా కుళ్లగించేది. ఎండలు ముదిరేసరికి జమ్ము నలిగిపోయి, నీళ్లు చెంబెడు మిగిలేవి. ఆ జమ్ములో గూడు కట్టే నీటికోడికి రెండేళ్లుగా ఒక్క పిల్ల దక్కలేదు. మూడో ఏడు మళ్లీ పుల్లలు ఏరుకుంటూ, వచ్చేపోయే వాళ్లందరినీ బతిమాలుకుంటోంది.

ఆ సంగతి విని నక్కకి పరోపకారబుద్ధి పుట్టింది. నక్కకి పరోపకారం పుట్టిందంటే నాకైతే చలిజ్వరం వస్తుంది గానీ, ఆ జంతువులు నన్ను అడగలేదు.

"ఎవరికి వాళ్లు ఏడిస్తే మడుగు మిగలదు," అంది నక్క గట్టెక్కి. "అడవి వాళ్లం, ఊరి వాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకుందాం. ఈ మడుగు రక్షణలో అందరం పాలు పంచుకోవాలి."

గేదె నెమరు ఆపింది. "నాకు తెలుసు. ఎక్కడ ఏ మంచిపని తలపెట్టినా చివరికి నా పొదుగు మీదికే వస్తారు."

"ఆ పాలు కాదు వదినా. పాలు పంచుకోవడమంటే తలా ఒక చెయ్యి వెయ్యడం."

"నాకు చేతుల్లేవు మరిదీ."

"పోనీ, జమ్ములో కాలు వెయ్యకుండా ఉండు."

"అదైతే నావల్ల అవుతుంది," అని గేదె మళ్లీ నెమరుకు దిగింది.

ఒప్పందం కుదిరింది. నీటికోడి పిల్లలు లేచేదాకా గేదెలు జమ్ము జోలికి రాకుండా నడిమి లోతులోనే పడుకోవాలి. పంది తన కుళ్లగించే సరదా గట్టు మీద కాకుండా వాగు వైపు తీర్చుకోవాలి. నక్క కాపలా కాయాలి. తగువు వస్తే తాబేలు తాత తీర్పు చెప్పాలి. నక్క తడిమట్టి మీద గోటితో రాసింది, అందరూ గిట్టలూ గోళ్లూ వేశారు. ఎండకి అది పలకలా గట్టిపడింది.

చిత్రమేమిటంటే పని జరిగింది. పంది మూడు రోజుల్లో కాలవ తవ్వేసింది. తవ్వుతున్నానని దానికి తెలియదు, దుంపలు వెతుక్కుంటున్నాననే అనుకుంది. వాగు నీళ్లు వచ్చాయి, జమ్ము నిలువెత్తు లేచింది, నీటికోడి ఏడు గుడ్లు పెట్టింది.

ఆ మర్నాడే నక్క వచ్చింది. "ఇక నా పాలు నాకు పంచండి."

"ఏ పాలు?" అంది నీటికోడి.

"పాలంటే వాటా చెల్లెమ్మా. తాతా, చదువు."

తాబేలు పలక మీద ముక్కు పెట్టి, ఒక్కో అక్షరమే చదివింది: "ఈ మడుగులో మేమందరం పాలు పంచుకుంటాం."

"రక్షణ అన్న మాట ఏదీ?" అంది నీటికోడి.

"చోటు చాలలేదు. నా వాటా ఆ జమ్ము గుబురు. అందులో ఉన్నవి ఉన్నట్టుగా."

నీటికోడి గుబురుకి అడ్డంగా వచ్చి రెక్కలు చాపింది. "కాపలా కాస్తావని నమ్మాను కదన్నా."

"మానేస్తానన్నానా? ఇక్కడైతే గూట్లో ఉంటాయి, నా దగ్గరైతే కడుపులో ఉంటాయి. ఏది భద్రమో నువ్వే చెప్పు."

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అందరూ తాబేలు వైపు చూశారు. "రాసింది రాసినట్టే. కింద మన గిట్టలే ఉన్నాయి," అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

గేదె పలక దగ్గరికి వచ్చి నిలబడింది. "నాది మందబుద్ధి తాతా, మెల్లిగా చెప్పు. ఎక్కడ పంచుకోవాలి?"

"ఈ మడుగులో."

"ఏం పంచుకోవాలి?"

"పాలు."

"గుబురని ఉందా? గుడ్లని ఉందా?"

తాబేలు తల బయటికి వచ్చింది. "లేదమ్మా. పాలనే ఉంది."

"ఈ సంఘంలో పాలున్నది నాకొక్కదానికే. మరిది అడిగింది న్యాయం. రా మరిదీ, రాసినట్టుగా మడుగులోనే తీసుకో." గేదె నడిమి లోతుకు వెళ్లి మెడదాకా దిగింది.

నక్క లెక్క వేసుకుంది. ముందు పాలు, తిరిగి వచ్చే దారిలోనే కదా గుబురు. ఈదుకుంటూ పోయి బుడుంగున మునిగింది. పొదుగు దొరికింది గానీ చుక్క పాలు రాలేదు. పైకి తేలి, "వదినా, చేపలేదేం?" అంది.

"చేప లేదంటాడేమిటి, మడుగు నిండా చేపలేగా," అంది గట్టు మీద పంది.

"నా దూడ గొంతు వినపడందే నేను పాలు చేపను మరిదీ. అడుగున ఉండి 'అంబా' అను, చూద్దాం."

నక్క మునిగి 'అంబా' అంది. బుడగలు వచ్చాయి. మళ్లీ అంది. మళ్లీ బుడగలే. మూడోసారికి గేదె కాలు మార్చుకుని నక్క తోక మీద వేసింది. నక్క తల ఒక్కటే నీళ్ల పైకి వచ్చింది, ముక్కుకి జలగతో సహా.

"కాలు తియ్యి వదినా. కాలు వెయ్యనని ఒప్పుకున్నావు కదా."

"అది జమ్ములో మరిదీ. ఇది లోతు."

"నక్క తోక తొక్కితే అదృష్టమట," అంది పంది. "నీ తరవాత నేను తొక్కుతాను వదినా."

ఆ మాటతో తాబేలు దాకా అందరూ తొక్కడానికి బయల్దేరారు. అది చూసి నక్క ఉన్న బలమంతా పెట్టి లాక్కుంది. నక్క వచ్చింది, తోక బొచ్చు బురదలో ఉండిపోయింది. గట్టు వెంబడి ఎలకతోకతో అడవిలోకి పరిగెడుతుంటే కోతులు కొమ్మల మీదినుంచి జారిపడి నవ్వాయి.

నీటికోడి మాత్రం నవ్వలేదు. నీళ్ల మీద తేలిన బొచ్చు ఏరి, ఎండబెట్టి, గుడ్ల కింద మెత్తగా పరుచుకుంది. ఇరవై రోజులకి ఏడు పిల్లలూ దాని మీదే కళ్లు తెరిచాయి. సంఘానికి నక్క ఇచ్చిన వాటా అదొక్కటే.

నీతి: కాపాడడంలో పాలు పంచుకోనివాడు పాలడగడానికి వస్తే నవ్వులపాలే.