మింగుడుపడని ముద్ద

అనగా అనగా, మన తాతల తాతలైనా పుట్టని కాలంలో, మణిగిరి రాజ్యాన్ని ధృతసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు జయశీలుడని ఒక తమ్ముడు.

ఒకసారి శత్రువులు కోట మీదికి వచ్చారు. యుద్ధం మధ్యలో ధృతసేనుడి గుండె జారిపోయింది. గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. జయశీలుడు అన్న వదిలిన చోట నిలబడి, పోరాడి గెలిచాడు. అన్న పారిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరేగింపులో మాత్రం జనం తమ్ముడి మీదే పూలు చల్లారు.

ఆనాటి నుంచి తమ్ముడి మౌనమే రాజుకు భయమైంది. ఏ రోజు నోరు విప్పుతాడో, ఏ రోజు తన పరువు పోతుందో అని లోలోపల కుమిలిపోయాడు. చివరికి, సింహాసనం కోసం కుట్ర పన్నాడని తమ్ముడి మీద నింద మోపి, ఏటి అవతలి రాతికోటలో బంధించాడు. అమావాస్య నాడు పొద్దు గుంకగానే తల తీయమన్నాడు. తాను స్వయంగా వచ్చి ఆపితే తప్ప, ఎవరొచ్చి చెప్పినా ఆగవద్దన్నాడు.

ఇక నెమ్మది దొరుకుతుందనుకున్నాడు. దొరక్కపోగా, మర్నాటి నుంచే అన్నం సయించడం మానేసింది. తిన్న ముద్ద అరగదు. కడుపులో మంట. గుక్క తిప్పుకోనివ్వని ఆయాసం.

తమ్ముడి మనుషులు విషం పెడుతున్నారని రాజుకు అనుమానం కలిగింది. మొదట వంటవాళ్లను వెళ్లగొట్టి రాణి చేతి వంట తిన్నాడు. జబ్బు తగ్గలేదు. తర్వాత కొండ ఊట నుంచి నీళ్లు తెప్పించుకుని తాగాడు. జబ్బు ముదిరింది. మూడోసారి ఆస్థాన వైద్యుడు శంకరభట్టు మీదే కత్తి దూశాడు.

ముసలి వైద్యుడు చేతులు జోడించి ఉన్నమాట చెప్పాడు. ఒంట్లో విషం జాడ లేదు. ఊపిరి గతి తప్పింది, అందుకే అన్నాన్ని అరిగించే అగ్ని చెదిరింది. ఊపిరిని గతి తప్పించింది ఏదో, అది తన మందుకు అందని చోట ఉంది. కొండమీది గుహలో సుమేధ అనే యోగిని ఉంటుందని, తన గురువు ఆవిడేనని, ఒక్కసారి చూపించుకోమని బతిమాలాడు.

అది అమావాస్య రోజే. రాజును పల్లకిలో మోసుకుని మధ్యాహ్నం తిరిగేసరికి గుహ చేర్చారు.

సుమేధ అందరినీ బయటికి పంపి, రాజు ముక్కు కింద అరచెయ్యి పెట్టి మాట్లాడమంది. మొదట కన్నతల్లి గురించి అడిగింది. రాజు ఊపిరి మెల్లగా, సమంగా నడిచింది. తర్వాత శత్రువుల గురించి అడిగింది. ఊపిరి వడి అందుకుంది గాని, లయ తప్పలేదు. మూడోసారి తమ్ముడి గురించి అడిగింది.

ఊపిరి ఆగిపోయింది.

"ఎక్కడ ఆగిందో చూశావా, నాయనా?"

రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఆవిడ అరచెయ్యి తీయలేదు.

"మనసులో పుట్టిన బాధను ఆధి అంటారు. అది ఊపిరిని చెదరగొడుతుంది. ఊపిరి చెదిరితే లోపలి అగ్ని చెదురుతుంది. అప్పుడు తిన్న అన్నమే రోగమవుతుంది. నీకు విషం పెట్టింది ఎవరో నీకు తెలుసు."

పిడి మీద వేళ్లు సడలాయి. "నిజం చెబితే నన్ను ఇంకా రాజని ఎవరంటారమ్మా?" అన్నాడు.

"అనకపోవచ్చు. పొద్దు వాలుతోంది నాయనా."

రాజు బయటికి చూశాడు. కొండ నీడ అప్పుడే లోయలోకి దిగుతోంది. పల్లకి ఎక్కితే పొద్దు గుంకేలోగా రాతికోట చేరడం కల్ల. వెంట వచ్చిన భటుల గుర్రమొకటి తెమ్మన్నాడు. ఎక్కబోయి తూలిపోతే భటులు ఎత్తి కూర్చోబెట్టారు.

కొండ దిగుతుంటేనే కళ్లు బైర్లు కమ్మాయి. జూలు పట్టుకుని, తనలో తాను మొదటిసారి అనుకున్నాడు, 'పారిపోయింది నేనే' అని. బిగుసుకున్న ఛాతీలోకి కాస్త గాలి చొరబడింది.

ఏరు పొంగి ఉంది. భటుడొకడు కళ్లెం పట్టుకుని, ఈ స్థితిలో దాటవద్దని వేడుకున్నాడు. రాజు ఆ భటుడితోనే రెండోసారి చెప్పాడు, యుద్ధంలో పారిపోయింది తానేనని, తమ్ముడు ఏ పాపమూ ఎరగడని. వాడు నిర్ఘాంతపోయి కళ్లెం వదిలాడు. గుర్రం నీళ్లలోకి దూకింది.

కోట ముంగిట జనం గుమిగూడి ఉన్నారు. జయశీలుడు మోకాళ్ల మీద ఉన్నాడు. సూర్యుడి అంచు ఇంకా కాస్తే మిగిలింది. తలారి కత్తి ఎత్తాడు.

రాజు గుర్రం మీంచి జారి, పడుతూ లేస్తూ కత్తి కిందికే వెళ్లి నిలబడ్డాడు. అందరూ వింటుండగా మూడోసారి చెప్పాడు.

"యుద్ధంలో పారిపోయింది నేను. గెలిచింది నా తమ్ముడు. కుట్ర అనేది నేను పుట్టించిన అబద్ధం."

తలారి కత్తి దించాడు.

జయశీలుడు తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు. "నేనెప్పటికీ చెప్పేవాణ్ణి కాదన్నా."

"తెలుసురా. అందుకే నేను చెప్పాను."

అంటూనే రాజు తూలి పడబోయాడు. తాడు ఒరుసుకుపోయిన చేతులతోనే తమ్ముడు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం చెరసాల గంజి ఇద్దరూ తాగారు. ఎన్నాళ్లకో అది రాజు కడుపులో నిలిచింది.

రోగం ఒక్క పూటలో పోలేదు. శంకరభట్టు మందు, సుమేధ నేర్పిన ఊపిరి సాధన కలిసి మెల్లగా పని చేశాయి. కొందరు పిరికిరాజని నవ్వారు. ధృతసేనుడు ఆ నవ్వు విని కూడా హాయిగా నిద్రపోయాడు.

మనసులోని ఆధిని తీర్చుకోనిదే, ఒంట్లోని వ్యాధి తీరదు.