నిప్పులు ఆర్పమన్న ఉత్తర్వు

పారసీకుల అగ్నిపూజ గొప్పదా, సింధుతీరవాసుల అగ్నిహోత్రం గొప్పదా అన్న చర్చ ఇందులో చేయను. సువాస్తి అనే నేతగత్తె భర్త ఏ జబ్బుతో పోయాడో కూడా చెప్పను. అది ఆమె ఇంటి విషయం. జరిగినది మాత్రం చెబుతాను.

సింధునది ఒడ్డున, పారసీక సామ్రాజ్యం తూర్పున ముగిసే చోట, ఒకానొక మండలం ఉండేది. దానిని బగఫర్ణుడు ఏలేవాడు. అతడు చక్రవర్తి పంపగా వచ్చిన అధికారి మాత్రమే. ఆ సంగతి అతనికి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

చక్రవర్తి ఎదుట నిలిచేవారు తమ చేతులను నిలువుటంగీ పొడవాటి చేతుల్లోపల దాచుకోవాలని పారసీకుల ఆచారం. ఆయుధం పట్టబోమని అది హామీ. ఆ మర్యాద తనకూ జరగాలన్నాడు బగఫర్ణుడు. సింధుతీరవాసులకు అటువంటి అంగీలు లేవు. ఉత్తరీయాల్లో చేతులు చుట్టుకుని, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేక నిలబడేవారు. ఒకసారి ఒకడు నవ్వాడు. వాడు మళ్లీ కనబడలేదు.

ఆ కొలువులో దుబాసీ శాలంకుడు. ఉభయ భాషలూ తెలిసినవాడు. ఏ మాటను ఎంత మెత్తగా మార్చి చెప్పాలో ఇంకా బాగా తెలిసినవాడు.

ఒకనాటి ఉదయం భటులు ఆ సువాస్తిని తీసుకొచ్చి నిలబెట్టారు. ముందురోజు ఆమె తన భర్తను నది ఇసుకలో దహనం చేసింది. పారసీకులకు అగ్ని పరమపవిత్రం. ఊపిరి తగులుతుందని వారి యాజకులు నోటికి తెల్లగుడ్డ కట్టుకుంటారు. శవాన్ని నిప్పులో వేసినవారికి మరణమే శిక్ష. ఇదివరకటి అధికారులు ఇక్కడి ప్రజల విషయంలో చూసీచూడనట్లు పోయేవారు. బగఫర్ణుడు అలా పోలేదు.

"ఏమంటుంది?" అన్నాడు.

"ఆయన్ని కాల్చక మీలాగా గద్దలకు వేయమంటారా అని అడుగయ్యా," అంది సువాస్తి.

"తమ ఆచారం ప్రకారం చేశానంటోంది ప్రభూ," అన్నాడు శాలంకుడు.

"చితికి నిప్పు ఎక్కడిది?"

"మా పొయ్యిలోది. పొయ్యిలోకి పక్కింటి నుంచి తెచ్చాను. మా ఊళ్లో ఒకరి నిప్పు ఒకరు తెచ్చుకుంటాం."

ఈ మాటను శాలంకుడు మెత్తబరచలేకపోయాడు. బగఫర్ణుడి ముఖం బిగుసుకుంది.

"అయితే ఊరి నిప్పంతా మలినమే. సూర్యుడు కుంకేలోగా మండలంలో ప్రతి పొయ్యీ, ప్రతి హోమగుండమూ ఆరిపోవాలి. ఈ ఆడదాన్ని మధ్యాహ్నం చంపండి. చాటించు, దుబాసీ."

తాతల కాలం నుంచి ఆరని హోమగుండాలు ఆ ఊళ్లో ఉన్నాయి. శాలంకుడు ఊరుకుంటే ఒక ప్రాణం పోతుంది. నోరు తెరిస్తే రెండు పోవచ్చు.

"చాటిస్తాను ప్రభూ. ఒక్క సందేహం. తలలు గొరిగించుకోవడం ఈరోజా, రేపా? గుర్రాల జూలు కూడా కత్తిరించాలి కదా."

"దేనికి?"

"చక్రవర్తి మరణానికి."



"చక్రవర్తి క్షేమంగా ఉన్నారు," అన్నాడు బగఫర్ణుడు నెమ్మదిగా.

"నేను కోరేదీ అదే. కాని మండలంలో నిప్పులన్నీ ఒకేసారి ఆర్పేది చక్రవర్తి పోయినప్పుడేనని యాజకులవారే చెప్పారు."

నోటికి గుడ్డ కట్టుకున్న యాజకుడు అవునన్నట్టు తల ఊపాడు.

"ఈ సాయంత్రం ఒక్క ఇంటి మీదా పొగ లేవదు. దాన్ని చక్రవర్తి చెవి చూస్తే ఏమని రాస్తాడో."

చక్రవర్తి చెవులంటే ఆయన మండలాల్లో దాచి ఉంచిన వేగులు.

"ఇక్కడున్నాడా? ఎవడు వాడు?"

"తెలిసేలా ఉంటే వాడినెందుకు ఉంచుతారు ప్రభూ? చక్రవర్తికి చేసే మర్యాద ఇంకొకరికి జరుగుతోందనీ, నిప్పులు కూడా ఆరాయనీ, రెండూ ఒకే లేఖలో చేరితే బాగుండదు."

బగఫర్ణుడి చూపు లేఖకుడి మీద, పానీయం అందించేవాడి మీద, యాజకుడి మీద తిరిగింది. ఎవరికి వారు పక్కవాడిని చూశారు.

"నిప్పుల జోలికి పోవద్దు. దాన్ని మాత్రం చంపండి."

పారసీకం తెలియని సువాస్తి శాలంకుడి ముఖాన్నే చూస్తోంది.

"రాజధానికి నేరం ఏమని రాయించమంటారు?" అన్నాడు శాలంకుడు.

"నిప్పును మలినం చేసిందని."

"రాయిస్తాను. ఆ నిప్పును ఏం చేశారని రాజధాని అడుగుతుంది. ఆర్పామంటే చక్రవర్తికి అపశకునం పలికినట్టు. ఆర్పలేదంటే మలినమైన నిప్పు మీద కాల్చిన రొట్టె ప్రభువులవారు తిన్నట్టు."

 బగఫర్ణుడు నవ్వాడు. ఆ నవ్వు మంచిదో కాదో తేల్చుకున్నాక మిగిలినవారూ నవ్వారు.

"ఇంతకీ ఈమె ఏం చేసింది, దుబాసీ?"

"నిన్న నదికి వెళ్లి వచ్చింది ప్రభూ."

"నదికి వెళ్లడం నేరమా? పంపించెయ్."

తాను తొడుక్కున్న జలతారు అంగీ విప్పి శాలంకుడి భుజాన వేశాడు. "అందరూ చేతులు బయటపెట్టండి," అన్నాడు. ఉత్తరీయాల్లోంచి చేతులు ఒక్కొక్కటే, సందేహిస్తూ బయటికి వచ్చాయి.

వాకిట్లో సువాస్తి అడిగింది: "వాళ్లెందుకు నవ్వారయ్యా?"

"ఇంటికి వెళ్లమ్మా. పరుగెత్తకు. నడిచి వెళ్లు."

మూడేళ్ల తరువాత బగఫర్ణుడిని పడమటి సముద్రతీరపు మండలానికి మార్చారు. అక్కడి నుంచి ఒక రౌతు శాలంకుడికి ముద్ర వేసిన లేఖ తెచ్చాడు. అందులో ఉన్నది ఒకే వాక్యం: "ఆ రోజు నా సభలో చక్రవర్తి చెవి నిజంగా ఉన్నాడా?"

శాలంకుడికి ఆ సంగతి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఉన్నాడని రాస్తే పేరు అడుగుతాడు. లేడని రాస్తే వేగుల భయం పోయి, ఆ పడమటి తీరాన ఎవరి తల తీస్తాడో.

జవాబు కోసం రౌతు మూడు రోజులు ఆగాడు. నాలుగోనాడు గుర్రానికి నీళ్లు పట్టించి, ఖాళీ సంచితో వెళ్లిపోయాడు.